కుర్చీ ఎక్కిన గురువు

ద్రోణుడి గురించి మాట్లాడుకునేటప్పుడు మనం ఏకలవ్యుడి బొటనవేలు దగ్గరే ఆగిపోతాం. నన్ను అంతకంటే ఎక్కువ కలవరపెట్టేది కురుక్షేత్రంలో పదమూడో రోజు. అప్పటికి భీష్ముడు అంపశయ్య మీద ఉన్నాడు. విలువిద్య నేర్పిన గురువు సర్వసేనాధిపతి అయ్యాడు. ధర్మరాజును పట్టి తెస్తానన్న మాట నిలబెట్టుకోలేదని దుర్యోధనుడు ఎత్తిపొడిచాడు. ఆ పోటుకు ఓర్వలేక గురువు వ్యూహం పన్నాడు. దాన్ని చీల్చుకుని లోపలికి దూసుకొచ్చిన అభిమన్యుణ్ని చూసి ముందు మురిసిపోయాడు, నోరారా పొగిడాడు. కర్ణుడు వచ్చి ఈ కుర్రాణ్ని ఆపేదెలా అని అడిగితే, అదే నోటితో దారి చెప్పాడు. వీడి కవచాన్ని ఛేదించలేరు, కవచధారణ వీడి తండ్రికి నేర్పింది నేనే. కనుక ముందు వింటినారి తెంచండి, గుర్రాలను కూల్చండి, వీణ్ని నేల మీదికి దించండి అన్నాడు.

శిష్యుడి బలం ఎక్కడుందో గురువుకు తెలుసు. కాబట్టి ఎక్కడ కొడితే పడిపోతాడో కూడా గురువుకే బాగా తెలుసు. ఆ జ్ఞానం ఎవరి పక్షాన పనిచేయాలో నిర్ణయించింది మాత్రం, ఆయన ఎవరి కొలువులో ఉన్నాడన్నదే.

ఈ ఘట్టం యుద్ధానికి మాత్రమే సంబంధించింది కాదు. ఆటల లోకంలో ఇది రోజూ జరిగే ప్రయాణం. ఒక కోచ్ పదేళ్లో ఇరవయ్యేళ్లో మైదానంలో నిలబడతాడు. ఏ కుర్రాడికి ఏ మోకాలు నొప్పో, ఎవరు ఓడితే రాత్రి అన్నం తినరో, ఎవరిని తిడితే పుంజుకుంటారో, ఎవరిని తిడితే కుంగిపోతారో అన్నీ తెలుసుకుంటాడు. ఒకరోజు సంఘానికి సెక్రటరీనో, క్లబ్బుకు మేనేజరో అవుతాడు. ఇప్పుడు ఎవరిని ఉంచాలి, ఎవరిని పంపాలి, ఎవరికెంత ఇవ్వాలి అని తేల్చాల్సింది ఆయనే. మనిషి అదే మనిషి. చేతిలోని జ్ఞానమూ అదే. మరి ఆ జ్ఞానం ఆటగాడి పక్షానే ఉంటుందా? ఉండాలంటే ఏం కావాలి?

ఈ ప్రశ్నకు ప్రపంచ క్రీడా చరిత్రలో ఒక కఠినమైన జవాబు ఐస్ హాకీ నుంచి వస్తుంది. మంచుగడ్డ మీద ఇనుప అంచుల బూట్లతో జారుతూ, కర్రలతో చిన్న రబ్బరు బిళ్లను కొడుతూ ఆడే ఆట అది. మన ఎండలకు పరాయిదే అయినా, అందులోని మనుషుల కథ పరాయిది కాదు. కెనడాకు చెందిన జాక్ ఆడమ్స్ మొదట ఆటగాడు. 1927లో అమెరికాలోని డెట్రాయిట్ జట్టుకు కోచ్‌గా, మేనేజర్‌గా వచ్చాడు. రెడ్ వింగ్స్ అన్న పేరుతో ఆ జట్టు ఆయన శిక్షణలో 1936, 1937, 1943 సంవత్సరాల్లో స్టాన్లీ కప్ గెలిచింది. 1947లో కోచ్ పని మరొకరికి అప్పగించి, ఆయన పూర్తిగా ఆఫీసు కుర్చీకి మారాడు. 1950, 52, 54, 55లో మళ్లీ కప్పులు వచ్చాయి. ఒక మనిషి మైదానంలోనూ, కార్యాలయంలోనూ ఇంతగా నెగ్గడం అరుదు.

ఆ గెలుపుల్లో ముందు వరుసలో ఉన్నవాడు టెడ్ లిండ్సే. 1957 ఫిబ్రవరిలో లిండ్సే మరికొందరు ఆటగాళ్లతో కలిసి ఒక సంఘం పెట్టాడు. వాళ్లు అడిగినవాటిలో ముఖ్యమైంది చాలా మామూలు కోరిక: మా జీతాల్లోంచి కోసుకుంటున్న పింఛను నిధి లెక్కలు మాకు చూపించండి. లిండ్సే ఆ సీజన్‌లో 30 గోల్స్ కొట్టాడు, 55 గోల్స్‌కు దారి వేశాడు. అతని ఆటజీవితంలోనే అది అత్యుత్తమ సంవత్సరం. అదే ఏడాది జులైలో ఆడమ్స్ అతణ్ని డెట్రాయిట్ నుంచి తప్పించి, లీగ్‌లో అట్టడుగున ఉన్న షికాగో జట్టుకు ఇచ్చేశాడు. ఆ తర్వాత ఆటగాళ్ల సంఘం చితికిపోయింది. మళ్లీ నిలదొక్కుకోవడానికి 1967 దాకా పట్టింది.

ఆడమ్స్‌ను దుర్మార్గుడని తేల్చేసి ఊరుకోవడం సులువు. అలా చేస్తే ప్రశ్న నుంచి తప్పించుకున్నట్టే అవుతుంది. ముప్పై ఏళ్లు ఒకే జట్టుకు ప్రాణం పెట్టిన మనిషి ఆయన. ఆ జట్టు తనదే అనుకున్నాడు. ఎక్కువ ప్రేమించినవాళ్లకే వచ్చే ప్రమాదం అది. నేను పెంచాను, నేను తీర్చిదిద్దాను, నన్నే లెక్క అడుగుతారా అన్న కోపం కోచ్‌కి వచ్చినంత తీవ్రంగా గుమాస్తాకి రాదు. మమకారం అధికారంతో కలిస్తే ఎదుటి మనిషి సొంత ఆస్తిలా కనిపించడం మొదలవుతుంది. తల్లిదండ్రుల్లోనూ, ఉపాధ్యాయుల్లోనూ, ఉద్యమ నాయకుల్లోనూ మనం చూసేది ఇదే జబ్బు.

మరి అధికారం చేతిలో ఉన్నా ఎదుటివాడిని మనిషిగా చూడటం సాధ్యమేనా? సాధ్యమే అనడానికి నాకు దొరికే చిన్న ఉదాహరణ మా బేగంపేటలోనే ఉంది.

ఇక్కడి హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ 1923లో జాగీర్దార్ కాలేజీగా పుట్టింది. జాగీర్లు ఏలబోయే ఇళ్ల మగపిల్లల కోసం కట్టిన బడి. పుట్టుకతోనే కుర్చీ ఖాయమైన పిల్లలకు ఆ కుర్చీలో కూర్చోవడం నేర్పడానికి పెట్టిన చోటు. జాగీర్లు రద్దయ్యాక, 1951లో అది పబ్లిక్ స్కూల్ అయింది. మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల చదివింది ఆ బడిలోనే. తన ‘హిట్ రిఫ్రెష్’ పుస్తకంలో ఆయన అక్కడి క్రికెట్ రోజులను గుర్తు చేసుకున్నారు. ఒక మ్యాచ్‌లో ఆయన ఆఫ్ స్పిన్ ఏమీ పనిచేయడం లేదు. కెప్టెన్ ఆయన చేతిలోంచి బంతి తీసుకుని తానే వేశాడు, వికెట్ పడగొట్టాడు. ఆ తర్వాత బంతిని తన దగ్గరే ఉంచుకోకుండా, తెచ్చి మళ్లీ నాదెళ్ల చేతికే ఇచ్చాడు. నాదెళ్ల ఈసారి వికెట్లు తీశారు. సీజన్ అంతా తన అవసరం ఉంది కనుక, తన ఆత్మవిశ్వాసం మొదట్లోనే దెబ్బతినకూడదని కెప్టెన్ అనుకుని ఉంటాడని నాదెళ్ల ఊహించారు.

ఆ కెప్టెన్ కూడా విద్యార్థే. అయినా అతని చేతిలో ఉన్నది అసలైన అధికారమే. అతను మూడు పనులు చేయవచ్చు. బాగా వేయనివాణ్ని భరిస్తూ ఓడిపోవచ్చు. వాణ్ని తీసేసి గెలవవచ్చు. లేదా తీసేసి, జట్టును ఒడ్డున పడేసి, మళ్లీ వాడికే అవకాశం ఇవ్వవచ్చు. మొదటిది జాలి. రెండోది లెక్క. మూడోది మాత్రమే నాయకత్వం. ఎందుకంటే అందులో జట్టూ నష్టపోలేదు, మనిషీ చిన్నబోలేదు. ఇవాళ నాదెళ్ల అమెరికా మేజర్ లీగ్ క్రికెట్‌లో సియాటిల్ ఆర్కాస్ జట్టు యజమానుల్లో ఒకరు. బంతి తిరిగి ఇవ్వాలో వద్దో తేల్చే చోటికి ఆయనే చేరారు.

అయితే ఈ ఉదాహరణ నన్ను పూర్తిగా ఊరడించదు. ఆ కుర్రాళ్లిద్దరూ ఒకే బడి ప్రహరీ లోపల ఉన్నవాళ్లు. బేగంపేట రోడ్డుకి ఒకవైపు అంత పెద్ద క్రీడామైదానాలున్న బడి ఉంటే, దగ్గర్లోనే రసూల్‌పురా బస్తీ సందుల్లో పిల్లలు బండ్ల మధ్య ఆడుకుంటారు. బంతి తిరిగి ఇచ్చే కెప్టెన్ సరే, అసలు బంతే అందని కుర్రాడి సంగతి? అక్కడే కుర్చీ అవసరం తెలుస్తుంది. మైదానంలో ఉన్నవాడు తన ముందుకు వచ్చినవాడినే చూడగలడు. రానివాడిని వెతకాలంటే టోర్నమెంట్లు పెట్టే అధికారం కావాలి, డబ్బు కావాలి, సంతకం కావాలి. కోచ్ కుర్చీ ఎక్కకూడదని అనలేకపోవడానికి కారణం ఇదే.

హైదరాబాద్ ఆ విషయాన్ని ఎనభై ఏళ్ల కిందటే కళ్లారా చూసింది. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. అందరికీ రహీం సాబ్. 1943లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి సెక్రటరీ అయ్యారు. 1963లో కన్నుమూసేదాకా ఆ పదవిలోనే ఉన్నారు. అదే కాలంలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్. 1950 నుంచి 1954 దాకా ఆ జట్టు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను ఓడించి స్వర్ణం తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి, నాలుగో స్థానంలో నిలిచింది.

ఆఫీసు కాగితాలు ఒక చేత్తో, విజిల్ ఇంకో చేత్తో పట్టుకున్న మనిషి ఏం చేశారో దగ్గరగా చూడాలి. కుర్రాళ్లు అలవాటైన కాలితోనే ఆడుతున్నారని మైదానంలో గమనించారు. సెక్రటరీగా ఏకంగా టోర్నమెంటే పెట్టించారు: ఇందులో బలహీనమైన కాలితోనే ఆడాలి. బంతిని దగ్గరే అట్టిపెట్టుకునే జబ్బును చూశారు. డ్రిబ్లింగ్ లేకుండా ఆడే పోటీలు పెట్టించారు. కోచ్ కన్ను పట్టిన లోపానికి సెక్రటరీ సంతకం మందు రాసింది. రెండు పనులూ వేర్వేరు మనుషుల చేతిలో ఉంటే, ఆ ఆలోచన మైదానం దాటి వచ్చేదా?

ఇక సికింద్రాబాద్ శివార్లలోని అమ్ముగూడ కుర్రాడి కథ. తులసీదాస్ బలరాం పేదింటి పిల్లవాడు. పోలీసులు వాడి పారేసిన బూట్లను ఫుట్‌బాల్ బూట్లుగా కుట్టించుకోవడానికి రెండు రూపాయలు కావాలంటే అమ్మను బతిమాలుకోవాల్సి వచ్చిన ఇల్లు. రహీం సాబ్ అతని ఆట చూసి శిక్షణకు హైదరాబాద్ రమ్మన్నారు. రోజూ అంత దూరం వచ్చే స్తోమత లేదన్నాడు కుర్రాడు. సైకిల్ అద్దెకు రోజూ రూపాయి ఇచ్చారాయన. బలరాం పెద్దయ్యాక కూడా ఆ రూపాయిని మరిచిపోలేదు. ఆ కుర్రాడు 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్ ఆడాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల స్వర్ణంలో వాటా పంచుకున్నాడు. 2023 ఫిబ్రవరిలో ఆయన పోయినప్పుడు దేశం తన గొప్ప ఫార్వర్డ్‌లలో ఒకరిని పోగొట్టుకుంది.

ఆ రూపాయిని ఏమనాలి? దానం అంటే తక్కువ చేసినట్టే. ప్రతిభను కొలవడానికి ముందు, ఆ ప్రతిభ గ్రౌండ్ దాకా నడిచి రాగలదా అని అడిగిన మనిషి అందులో కనిపిస్తాడు. సెలెక్షన్ లిస్టు తయారుచేసేవాళ్లలో ఎంతమంది ఆ ప్రశ్న అడుగుతారు? ట్రయల్స్‌కి రాలేదు, పేరు కొట్టేయండి అంటే నియమం ప్రకారం సరిపోతుంది. ఎందుకు రాలేదు అని అడిగితేనే న్యాయం మొదలవుతుంది.

జకార్తా సంగతి కూడా చెప్పుకోవాలి. 1962 సెప్టెంబరు 4న లక్షమంది దాకా జనం మన జట్టుకు వ్యతిరేకంగా అరుస్తున్నారు. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత క్రీడాధికారి ఒకరు తప్పుపట్టారన్నది వాళ్ల కోపం. గ్రూపు దశలో మనల్ని 2–0తో ఓడించిన దక్షిణ కొరియాయే ఫైనల్లో ఎదురైంది. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు అంతకుముందే దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అతణ్ని ఇంటికి పంపేయలేదు, వెనుక వరసలో నిలబెట్టనూ లేదు. రహీం సాబ్ అతణ్ని ముందుకు తెచ్చి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్. 2–1తో స్వర్ణం మనదైంది. తలకు కుట్లున్న మనిషిని ఆడించడం సబబా అని ఇవాళ్టి వైద్యం అడుగుతుంది, అడగాలి కూడా. ఆ రోజు అక్కడ కోచ్ కన్ను చూసింది మాత్రం, ఈ మనిషి ఇంకా ఏం చేయగలడు అని. రహీం సాబ్ అప్పటికే జబ్బుమనిషి. తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆయన్ను తీసుకుపోయింది.

ఆయన కొడుకు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు. కోచ్ తండ్రే. అయినా హకీం ఒక్క మ్యాచ్‌లో కూడా మైదానంలోకి దిగలేదు. వారసులకు కుర్చీలు అప్పగించే దేశంలో ఈ చిన్న వాస్తవం ముందు నేను చాలాసేపు ఆగిపోతాను. జాగీరుకూ, బాధ్యతకూ తేడా ఏమిటో ఇంతకంటే స్పష్టంగా చెప్పలేం.

ఇంత గౌరవంతో రాశాక ఒక ఇబ్బందికరమైన ప్రశ్న అడగక తప్పదు. రహీం సాబ్‌ని ఎవరు ప్రశ్నించగలిగేవారు? ఆయనే కోచ్, ఆయనే సెక్రటరీ. ఇరవై ఏళ్లు. లిస్టులో పేరు లేని కుర్రాడు ఎక్కడికి వెళ్లి చెప్పుకోవాలి? ఆయన న్యాయంగా ఉన్నారు కాబట్టి మనకు ఆ ప్రశ్న తట్టలేదు. కానీ ఆడమ్స్ చేతిలోనూ ఇరవై ఏళ్లు ఇవే రెండు అధికారాలు కలిసి ఉన్నాయి. ఇద్దరి ఏర్పాటూ ఒకటే. తేడా అల్లా మనిషిలో. అంటే ఆటగాడి బతుకు ఆ ఒక్క మనిషి గుణం మీద ఆధారపడి ఉందన్నమాట. మంచివాడు దొరికితే అదృష్టం, లేకపోతే లేదు. అదృష్టాన్ని వ్యవస్థ అనలేం.

రహీం సాబ్ పోయాక ఏమైందో చూస్తే ఈ సందేహం బలపడుతుంది. ఆంధ్రప్రదేశ్ జట్టు 1965–66లో సంతోష్ ట్రోఫీ గెలిచింది, ఆయన పెంచిన తరం సత్తా ఇంకా మిగిలి ఉండగానే. ఆ తర్వాత ఆ ట్రోఫీ తెలుగు నేలకు రాలేదు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు 1962 తర్వాత స్వర్ణమే లేదు. కారణాలు చాలానే ఉన్నాయి. మెరికల్లాంటి కుర్రాళ్లను కలకత్తా క్లబ్బులు తీసుకుపోయాయి, క్రికెట్ మోజు పెరిగింది, ఆడుకునే ఖాళీ స్థలాలు కరిగిపోయాయి. వాటి పక్కన ఇంకొకటి చేర్చాలి. ఆయన తలలో ఉన్నది కాగితం మీదికి, కమిటీలోకి, తర్వాతి తరం కోచ్‌ల చేతిలోకి చేరలేదు. గొప్ప మనిషి నీడలో అందరూ చల్లగా కూర్చున్నారు, మొక్క నాటినవాళ్లు తక్కువ.

దీనికి పూర్తిగా రెండో చివర కూడా మన ఊరే చూపించింది. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. ఆరు దశాబ్దాల తర్వాత ఊరి పేరు మళ్లీ ఫుట్‌బాల్‌లో వినపడింది. రెండేళ్లు తిరిగేసరికి జీతాలు అందక ఆటగాళ్లు చెల్లాచెదురయ్యారు. 2023–24లో జట్టు పట్టికలో అట్టడుగున నిలిచింది. ఆ గడ్డు కాలంలో, క్లబ్ యువ విభాగం సాంకేతిక వ్యవహారాలు చూసిన థాంగ్‌బోయ్ సింగ్తో కోచ్‌గా మైదానంలో నిలబడ్డారు. మిగిలిన కుర్రాళ్లతోనే సీజన్ నడిపించారు. 2025లో ఆ జట్టు పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. ఇక్కడ లోపం ఆటది కాదు. మైదానానికి, ఖాతాపుస్తకానికి మధ్య దారి తెగిపోయింది.

ఒకవైపు అన్నీ ఒకే మనిషి, ఇంకోవైపు ఏ మనిషికీ పట్టని కంపెనీ. ఈ రెండింటి మధ్య మనిషితనానికి చోటు ఎక్కడ?

నాకు తోచింది ఇది. కోచ్‌కి ఆటగాడి గురించి తెలిసే విషయాలు నమ్మకం మీద దొరికినవి. భయం, గాయం, ఇంటి పేదరికం, ఓటమి తర్వాత కన్నీళ్లు, ఇవన్నీ కుర్రాడు గురువనుకుని చూపించినవి. కుర్చీ ఎక్కాక వాటిని బేరానికి వాడుకుంటే అది నమ్మకద్రోహం. వాటిని మరిచిపోయి కేవలం అంకెలు చూస్తే అది కృతఘ్నత. వాటిని గుర్తుపెట్టుకుని, అలాంటి కుర్రాళ్లందరికీ పనికొచ్చే నియమంగా మార్చితేనే కోచ్ కుర్చీ ఎక్కినందుకు అర్థం ఉంటుంది. బలరాంకి ఇచ్చిన రూపాయి ఒక మనిషి దయ. ట్రయల్స్‌కి వచ్చే ప్రతి పేద బిడ్డకూ దారిఖర్చు సంఘమే ఇవ్వాలని రాసిపెడితే, అది హక్కు. దయ మనిషితో పాటు పోతుంది. హక్కు మిగులుతుంది.

అలాగే గురువును ప్రశ్నించడం అవమానమన్న మన సంస్కారాన్ని కూడా తిరగేసి చూడాలి. ద్రోణుడికి ఎదురుగా నిలబడి, ఇది ధర్మమా అని అడగగల శిష్యుడు కౌరవ పక్షాన ఒక్కడుంటే పదమూడో రోజు మరోలా ఉండేదేమో. లిండ్సే అడిగాడు, శిక్ష పడింది. ఇవాళ ఐస్ హాకీలో ఉత్తమ కోచ్‌కి ఇచ్చే బహుమతి పేరు జాక్ ఆడమ్స్. ఆటగాళ్లు తమలోంచి మేటిని ఎన్నుకుని ఇచ్చే బహుమతి పేరు టెడ్ లిండ్సే. ఒకప్పుడు ఒకరినొకరు భరించలేని ఆ ఇద్దరి పేర్లనూ ఆ ఆట తన చరిత్రలో నిలుపుకుంది. మనమూ కోచ్‌లకు 1985 నుంచి ద్రోణాచార్య పేరిట అవార్డు ఇస్తున్నాం. గురువును ప్రశ్నించిన శిష్యుడి పేరిట ఏదీ లేదు.

2025లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పాలన చట్టం సంఘాల కార్యవర్గాల్లో క్రీడాకారులకు చోటు ఉండాలంది, ఆటగాళ్ల కమిటీలు ఉండాలంది, తగాదాలు తీర్చడానికి ట్రిబ్యునల్ పెట్టమంది. కాగితం మీద ఇది పెద్ద అడుగే. అది జిల్లా సంఘాల దాకా, మన వీధి చివర గ్రౌండ్ దాకా దిగి రావాలంటే అడిగేవాళ్లు కావాలి. పిల్లల్ని శిక్షణకు పంపే తల్లిదండ్రులుగా, పాత ఆటగాళ్లుగా, సంఘాల్లో ఓటున్నవాళ్లుగా మనం అడగాలి: సెలెక్షన్ ఏ ప్రాతిపదికన జరిగింది? లెక్కలు ఎక్కడున్నాయి? పేరు రాని కుర్రాడు ఎవరికి చెప్పుకోవాలి? పదవి ఎన్నేళ్లు?

కోచ్‌లను కుర్చీ ఎక్కించండి. మైదానం తెలియనివాళ్ల చేతిలో ఆటను పెట్టడం కంటే అది వేయిరెట్లు మేలు. కాకపోతే అదే గదిలో, ఆ బల్లకు ఎదురుగా, ఆటగాడు కూర్చుని మాట్లాడటానికి ఇంకో కుర్చీ వేశాకే ఎక్కించండి.